ఓడెల్ మామ డెబ్భై పౌండ్ల విల్లు

పొద్దున పోటీలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మా అమ్మకు అన్న, ఓడెల్ బేర్‌పా మామ, పెద్ద పేరున్నవాడేం కాదు. నలభై ఏళ్లు రోడ్డు పనుల ట్రక్కు తోలాడు. మిగిలిన కాలమంతా బోడార్క్ అనే గట్టి చెట్టు కర్రతో విళ్లు చెక్కాడు. అమెరికాలో మా చెరోకీ తెగ బాణాల పందెంలో గురి ఒక్కటే చాలదు. మొక్కజొన్న కాడలు దొంతరగా పేరుస్తాం, బాణం ఎన్ని కాడల్లోకి దిగితే అన్ని పాయింట్లు. మెత్తటి విల్లు పట్టుకొచ్చినవాణ్ణి మావాళ్లు మనిషిగా లెక్కచేయరు. మామ విల్లు బరువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, డెబ్భై పౌండ్లు. ఆ మాట ఆయన పెళ్లిళ్లలోనూ చెప్పాడు, చావు ఇళ్లలోనూ చెప్పాడు. తయారైన విల్లు మీద మళ్లీ కత్తి పెట్టడం ఆయన దృష్టిలో పాపం. "గీకేసిన చెక్కని మళ్లీ ఎవడు అతికిస్తాడు?" అని తిట్టేవాడు.

మూడేళ్లుగా ఆయన బాణం నాలుగు కాడలు దాటడం లేదు. లెక్కపెట్టేది నేనే. "ఈ ఏడాది కాడలు గట్టిగా ఉన్నాయే అమ్మాయ్" అంటాడు. పాపం, ఏటా గట్టిగానే ఉంటున్నాయి.

ఈరోజు, ఏటా మామతో పోటీపడే హ్యూబర్ట్ గిర్టీ ఊరుకోలేదు. "ఏం బావా, ఈసారి కాడల్ని ఇనుముతో పండించారా?" అన్నాడు. మామకు రోషం ముంచుకొచ్చింది.

"కాటా తే! నీదీ తూద్దాం, నాదీ తూద్దాం. నలుగురి ముందే తేలిపోవాలి!"

చేపలు తూచే కాటాను కొమ్మకు కట్టారు. నారిని కొక్కేనికి తగిలించి, విల్లును బాణం పొడవంతా కిందికి లాగితే ముల్లు చూపించేదే బరువు. హ్యూబర్ట్‌ది యాభై ఎనిమిది. మామ ఇకిలించాడు. తరవాత ఆయనది తగిలించి నేనే లాగాను. ముల్లు చూసి నమ్మలేక మళ్లీ లాగాను.

నలభై ఒకటి.

"కాటా చెడిపోయింది" అన్నాడు మామ.

"ఇప్పుడేగా నాది తూచింది!" అన్నాడు హ్యూబర్ట్.

"అయితే ఎవడో నా విల్లు మార్చేశాడు! ఎవడా దొంగవెధవ?" అంటూ పిడి తిప్పి చూశాడు. తన చేత్తో చెక్కిన గుర్తు అక్కడే ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మామ భార్య లియోటా అత్త చిక్కుడు రొట్టెలు పంచుతున్న బల్ల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరూ మార్చలేదు. నేనే గీకాను."

మామ పనిముట్టు ఒక్కటైనా అత్త ముట్టుకోగా చూసినవాళ్లు లేరు.

"నువ్వా?" అన్నాడు మామ.

"నేనే. మూడేళ్ల కిందట నీ భుజం చెడినప్పుడు షెడ్డు వెనక నిలబడి ఎంత గుంజినా నారి ఛాతీ దాటలేదు. కిటికీలోంచి చూశాను. మూడు రోజులు తిండి ముట్టలేదు నువ్వు. పోటీ మానేస్తే నువ్విక బతకవనిపించింది. అందుకే నువ్వు చేపలకు పోయినప్పుడల్లా గాజు పెంకుతో లోపలివైపు కొంచెం కొంచెం తీశాను. పిడికి అటూ ఇటూ రెండు బద్దలూ సమంగానే వంగుతాయి, చూసుకో. మా నాన్న విళ్లు చేస్తుంటే చూడలేదేంటి నేను? నువ్వేమో భుజం బాగైపోయిందని మురిసిపోయావు."

మామ విల్లును కొక్కెం నుంచి తీశాడు. లోపలివైపు పైనుంచి కిందదాకా బొటనవేలితో తడిమాడు. మోకాలికేసి విరిచేస్తాడేమో అనుకున్నాను. అడ్డం వెళ్లబోయాను.

ఆయన విల్లు తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టాడు.

"ఇంకో పది పౌండ్లు తగ్గించు" అన్నాడు, హ్యూబర్ట్‌కు కూడా వినపడేలా. "నిరుటి నుంచి దీని నారి కూడా గడ్డం దాకా రావట్లేదే."