నాన్నగారు కొట్టేసిన గోల్

నా జీవితంలో నేను వేసిన గోల్ ఒక్కటే. దాన్ని రద్దు చేయించుకున్నదీ నేనే. రెఫరీ ఇచ్చేసిన గోల్‌ను పట్టుబట్టి మరీ పోగొట్టుకున్నవాడు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద ఇద్దరం కూర్చుని ఏడుద్దాం.

గొడవ మొదలైంది దిల్‌సుఖ్‌నగర్‌లో, నా స్నేహితుడు మహేశ్ వాళ్ల చీరల కొట్టు ముందున్న చాయ్ బండి దగ్గర. వాళ్లది పోచంపల్లి. తాతలు మగ్గం మీద చీరలు నేస్తే వీడు వాదనలు నేస్తాడు. ముందురోజు వీడు ప్రాణం పెట్టే విదేశీ క్లబ్బు గోల్ వేసింది. వీడియో రెఫరీలు తెరమీద గీతలు గీసి, బూటు కొన ఆఫ్‌సైడ్ గీత దాటిందని ఆ గోల్ కొట్టేశారు.

“బూటు కొనకు గోల్ తీసేస్తరా? గది ఫుట్‌బాల్ కాదురా, దర్జీ పని.”

“కెమెరాకి చుట్టాలుండరు మహేశ్. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.”

“చూపిస్తది. గని చూసేటోడు మనిషే గద. వాడెవడో, వాని మూడ్ ఎట్లుందో నీకెర్కనా?”

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

“ఆదివారం మన మ్యాచ్‌కి నా ఫోన్ పెడతా. న్యాయమంటే ఏంటో చూద్దువుగాని” అన్నాను.

ఇక్కడ చిన్న ఇబ్బంది ఉంది. ఆదివారాలు నేను కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ మాక్ టెస్ట్ రాస్తుంటానని బడంగ్‌పేట్‌లో ఇంట్లో ఉన్న మా నాన్నగారి నమ్మకం. గుంటూరు వదిలి ఇక్కడికొచ్చిందే నన్ను ఆఫీసరుగా చూడటానికట. బంతి సంగతి తెలిస్తే నా ఆదివారాలకు అదే రోజు పెద్దకర్మ. ఇంకో ఇబ్బంది, ఆయన కొత్త ఫోన్ కొన్నప్పుడు పాస్‌వర్డ్ గుర్తుండదన్నారని నా మెయిల్ ఐడీతోనే తెరిచిపెట్టాను. మన ఇళ్లలో పితృసేవ అంటే అంతే కదా. ఆ సంగతి నేను మరిచిపోయాను. ఫోన్లు మరవవు.

ఎల్బీనగర్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్ మైదానంలో మ్యాచ్. అటు మహేశ్ జట్టు, ఇటు మాది. చెరొక గోల్. ఆట ముగుస్తుందనగా కార్నర్ నుంచి వచ్చిన బంతి నాకు తగిలి లోపలికెళ్లింది. నేను తన్నలేదు, అక్కడ నిలబడి ఉన్నానంతే. నా బదులు కరెంటు స్తంభం ఉన్నా వెళ్లేదే. రెఫరీ ఇమ్రాన్ భాయ్ విజిల్ ఊది గోల్ ఇచ్చేశాడు.

“చెయ్యి తగిలింది” అన్నాడు మహేశ్.

“భుజం” అన్నాను.

“గోల్ ఇచ్చేసిన గద, ఛోడో” అన్నాడు ఇమ్రాన్ భాయ్.

బుద్ధున్నవాడెవడైనా అక్కడ నోరు మూసుకుంటాడు. నేను తెరిచాను.

“వద్దు భాయ్, వీడియో చూద్దాం. రేపు ఎవరూ మాట అనకూడదు.”

స్తంభానికి కట్టిన ఫోన్ విప్పి, ఆ ముక్క మటుకు కత్తిరించి, నెమ్మదిగా ఆడేలా చేసి సేవ్ చేశాను. టర్ఫ్ వాళ్ల ఉచిత వైఫై మహా వేగం. బాటసింగారం మార్కెట్లో పగిలిన మామిడిపండు మీద ఈగల్లా తలలన్నీ ఫోన్ మీద వాలాయి.

“గిది చెయ్యి.”

“రూల్ తెలుసా? జెర్సీ చేతి అంచు దాకా భుజమే.”

“నువ్వేసుకున్నది మీ బావ జెర్సీ. అంచు మోచెయ్యి దాటింది. గట్లయితే రేపు ఫుల్ చేతుల చొక్కా ఏసుకొని రా, గోళ్ల దాక భుజమే అయితది.”

ఆపి చూశాం. పెద్దది చేసి చూశాం. పెద్దది చేసేకొద్దీ చెయ్యీ భుజం బంతీ కలిసిపోయి చింతపండు గుజ్జయింది. ఆ గుజ్జులో ఎవరికి కావాల్సింది వాళ్లకు కనబడింది. అప్పుడు ఫోన్ మోగింది. తెరమీద ‘నాన్న’. నా చెయ్యి కదిలేలోపు ఎవరి వేళ్లో తగిలి కాల్ కలిసింది, స్పీకర్ కూడా ఆన్ అయింది.

“ఏరా, పరీక్ష ఎలా రాస్తున్నావు?”

“బాగానే నాన్నగారూ. పాలిటీ కొంచెం కష్టంగా ఇచ్చారు.”

“మరి నా ఫోన్లోకి నీ వీడియో వచ్చిందేంట్రా? పచ్చగడ్డిలో, మీ బావ బనీనేసుకుని?”

ఒకే మెయిల్ ఐడీ ఉంటే ఒక ఫోన్లో సేవ్ చేసింది రెండోదాంట్లోనూ పడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. పైన మెట్రో రైలు వెళ్లిపోయింది, నన్ను ఎక్కించుకోకుండా. మహేశ్ ఫోన్ మీదికి వంగాడు.

“నమస్తే అంకుల్. జర మీరే చెప్పుండ్రి. భుజమా, చెయ్యా?”

“ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను బాబూ. శుభ్రంగా చెయ్యే. గోల్ ఇవ్వకండి.”

“మరి వీడు?”

“వాణ్ణి ఇంటికి పంపించండి.”

ఇమ్రాన్ భాయ్ జేబులోంచి ఎర్రకార్డు తీశాడు. ఆయన దగ్గర అదొకటుందని ఆ రోజుదాకా మాకెవరికీ తెలియదు.

“చెప్పిన గద” అన్నాడు మహేశ్, గేటు దాకా సాగనంపుతూ. “చూసేటోడు ఎవడన్నదే అసలు ముచ్చట.”

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో గెలిచిన గోల్‌ను ఇంట్లో కొట్టేశారు. ఇప్పుడు ఆదివారాలు నిజంగానే మాక్ టెస్ట్ రాస్తున్నాను. రుజువుగా ప్రశ్నపత్రం ఫొటో తీస్తే చాలు, నాన్నగారికి పంపే శ్రమ కూడా లేదు, దానంతటదే వెళ్తుంది.

వీడియో తీర్పు న్యాయమేనా అని నన్నెవరైనా అడిగితే న్యాయమే అంటాను. అందుకే వద్దంటాను. చాయ్ బండి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రెఫరీ ఏదిస్తే అది కళ్లకద్దుకుంటాను, చత్వారమున్న రెఫరీనే కోరుకుంటాను, కన్నతండ్రి ఫోన్‌నైనా సరే ఆయన మెయిల్ ఐడీతోనే తెరుస్తాను.