వ్యాపార విలువ లేని రాయి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, ఆదోని పత్తి వ్యాపారుల కూటమి ఒకటి నన్ను సాంకేతిక సలహాదారుగా నియమించుకుంది. పని ఆఫ్రికాలో, జీతం ఆదోనిలో. అప్పటికి నేను ప్రభుత్వ భూగర్భ శాఖలో డైరెక్టర్‌గా రిటైరై, ఎమ్మిగనూరులో మా ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆ శాఖ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. జియాలజిస్టు రాయిని సుత్తితో కొడతాడు. సీనియర్ జియాలజిస్టు ఎక్కడ కొట్టాలో చూపిస్తాడు. డైరెక్టర్ ఆ కొట్టినందుకైన ఖర్చు మీద సంతకం పెడతాడు. సంతకాలు పెట్టీ పెట్టీ విసుగెత్తి ఉన్నాను కాబట్టి, మళ్లీ సుత్తి పట్టుకోవచ్చని వెంటనే ఒప్పుకున్నాను.

కూటమికి పెద్ద రంగయ్య శెట్టి. ఆదోనిలో ఆయనకు గింజ నుంచి దూదిని వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకటి, రైతు తెచ్చిన పత్తిని కొనేవాళ్లకు చూపించి అమ్మిపెట్టే కమీషన్ మండీ ఒకటి ఉన్నాయి. మనవడు కరెంటు స్కూటరు కొన్న రోజున, దాని బ్యాటరీలో లిథియం అనే పదార్థం ఉంటుందని, అది ఆఫ్రికాలో గుట్టలు గుట్టలుగా దొరుకుతుందని ఆయనకు తెలిసింది. పత్తి వ్యాపారం మునుపటిలా లేదు. అందుకని మరో నలుగురిని పోగుచేసి గని కొందామని బయలుదేరాడు. మొదటిసారి కలిసినప్పుడు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే.

"షాహిదమ్మా, దాన్ని పత్తి మాదిరి గోడౌన్లో పెట్టుకోని, రేటు వచ్చినంక అమ్ముకోవచ్చునా?"

రాయి కాబట్టి పురుగు పట్టదని చెప్పాను. కూటమికి నేనిచ్చిన మొదటి సాంకేతిక సలహా అదే.

మేం వెళ్లిన దేశం ఆఫ్రికాలో దక్షిణాన ఉంది. పేరు చెప్పనని కాగితం మీద రాసిచ్చాను కాబట్టి చెప్పను. ఆ దేశంలో ఒక ఊరు, ఊరి వెనక ఒక గుట్ట. గుట్టలో పెగ్మటైట్ ఉంది. భూమి లోపల కరిగిన రాయి చల్లారుతూ చల్లారుతూ, చిట్టచివర మిగిలిన రసం పెద్ద పెద్ద పలుకులుగా గట్టిపడితే దాన్ని పెగ్మటైట్ అంటాం. అక్కడి లిథియం ఖనిజం అందులోనే ఉంటుంది. చూడటానికి బూడిద రంగు పలకరాయిలా ఉండి, ఏ ప్రత్యేకతా లేనట్టు కనిపిస్తుంది. ఆ ఏడు దాని కోసం ప్రపంచమంతా ఎగబడింది.

మేం చేరేసరికి అక్కడ నాలుగు జెండాలు పాతుకుని ఉన్నాయి. చైనావాళ్లు రోడ్డు వేస్తామన్నారు, అప్పటికే సగం వేసేశారు కూడా. యూరప్‌వాళ్లు పర్యావరణం గురించి మంచి కాగితం మీద రంగుల్లో అచ్చువేసిన పుస్తకాలు పంచిపెట్టారు. అమెరికావాళ్లు ఉపన్యాసాలిచ్చి, చైనావాళ్ల రోడ్డు మీదే తిరిగి వెళ్లారు. గల్ఫ్‌వాళ్లు ఎవరికి ఇవ్వాలో చెబితే చాలు, ఎంతైనా ఇస్తామన్నారు. ఐదోవాళ్లం మేము, ఆదోనివాళ్లం. మా వెంట ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన పని విందుల్లో కూర్చోవడం. దాన్ని మాత్రం ఏ లోటూ లేకుండా నిర్వర్తించాడు.

అందరం గిరగిరా తిరిగింది ఒక్క మనిషి చుట్టూ. ఆమె పేరు తెండాయి. ఆ ఊరి బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఊరి భూముల సంఘానికి అధ్యక్షురాలు. గనికి ఊరి సమ్మతి కావాలి, ఆ సమ్మతి మీద సంతకం ఆమెది. సంతకం ఒక్కసారే పెడతారు, వెనక్కి తీసుకోవడం ఉండదు. పెడితే గుట్ట పోతుంది, గుట్ట కింద వేరుశనగ చేలు పోతాయి. పెట్టకపోతే బడికి కప్పు రాదు, ఊరికి ఆసుపత్రి రాదు, పిల్లలు పనుల కోసం పట్నాలకు పోతూనే ఉంటారు. పక్క లోయలో వెనకటికి బంగారం తవ్వారట. తవ్వినవాళ్లు వెళ్లిపోయారు, గుంత మిగిలింది. అందులో నీళ్లు పశువులు కూడా ముట్టవని ఆమె నాకు చూపించింది. తన చేతి మీదుగా అలాంటి గుంత ఇంకొకటి పడుతుందేమోనని తనకు భయంగా ఉందని దాపరికం లేకుండా చెప్పింది.

సంతకం పడేలోగా అందరికీ నమూనాలు తీసుకునే అనుమతి ఉంది. నమూనా అంటే గుప్పెడు రాయి అనుకుంటారు చదివేవాళ్లు. మొదట గుప్పెడే. తర్వాత డ్రిల్లు వేసి, భూమిలోంచి రాతి కడ్డీలు తీస్తాం. ఆ తర్వాత బల్క్ శాంపిల్, అంటే ఖనిజాన్ని శుద్ధి చేసే పద్ధతి పరీక్షించడానికి లారీల్లో తీసుకెళ్లే రాయి. ప్రతి సంచి మీదా కస్టమ్స్ వాళ్ల కోసం ఒక చీటీ అంటిస్తాం. "నమూనా. వ్యాపార విలువ లేదు." మా వృత్తిలో ఇది ప్రపంచమంతటా మామూలే. ఐదుగురం ఎవరి లారీలు వాళ్లం నింపుకున్నాం. గుట్టకు ఒక పక్క కొరికిన జామకాయలా గంటు పడింది. చీటీల ప్రకారం ఆ గంటుకు విలువ లేదు.

ఇక మర్యాదలు మొదలయ్యాయి. చైనావాళ్లు తెండాయిని తీసుకెళ్లి తమ దేశంలో ఒక ఫ్యాక్టరీ నగరం చూపించారు. యూరప్‌వాళ్లు మ్యూజియం చూపించారు. గల్ఫ్‌వాళ్లు హోటలు చూపించారు, అందులోంచి బయటికి రానివ్వలేదట. ఇవన్నీ విని శెట్టికి రోషం వచ్చింది. మనకేం తక్కువ, మనం ఆదోని చూపిద్దామన్నాడు. నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు. ఆయన మాత్రం టికెట్లు తీయించేశాడు.

దీపావళి దాటాక, పత్తి జోరుగా దిగే రోజుల్లో ఆమె వచ్చింది. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ఫోటో తపాలా బిళ్లంత, కూటమి సభ్యుల ఫోటోలు నిలువెత్తు. అందరూ ఆమెను తెండాయమ్మ అన్నారు. మంత్రాలయం తీసుకెళ్లి తుంగభద్ర చూపించారు. ఎమ్మిగనూరు దుప్పట్లు కప్పి సన్మానం చేశారు. బిర్యానీ వడ్డించి, కారం ఎక్కువైందా అని ప్రతి ముద్దకూ అడిగారు. ఆమె అన్నిటినీ ఓపిగ్గా భరించి, చివరికి నన్ను పక్కకు పిలిచి, ఈ ఊళ్లో జనం బతుకుతెరువు కోసం చేసే పని ఏదైనా ఉంటే అది చూపించమంది.

శెట్టి మండీకి తీసుకెళ్లాం. ఆవరణలో పత్తి కుక్కిన గోనె బోరాలు వరుసగా దింపి ఉన్నాయి. ఆమెకు నీడన ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. తెలుగును ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును తెలుగులోకి మార్చే పని నాది.

పత్తి కొనే పద్ధతి ఇలా ఉంటుంది. కొనేవాడు బోరాలో మోచేతి దాకా చేయి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు పత్తి లాగుతాడు. రెండు బొటనవేళ్ల మధ్య పింజ సాగదీసి పొడవు చూస్తాడు, తేమ ఉందేమో పిసికి చూస్తాడు, చేతిలోది కింద పడేసి పక్క బోరాకు వెళతాడు. అతని వెనక ఇంకో మిల్లు మనిషి, అతని వెనక మరొకడు. ప్రతివాడూ ప్రతి బోరాలోనూ గుప్పెడు. మధ్యాహ్నానికి నేల మీద తెల్లగా కుప్ప పడుతుంది. ఈ ప్రాంతంలోనే పెరిగినదాన్ని, ఆ కుప్పను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూడటమంటే కాళ్లకు అడ్డం రాకుండా దాటుకుని పోవడమే.

ఆమె కుర్చీలోంచి లేచి, వరుసలో మొదటి బోరాల దగ్గరకు పోయింది. వాటి పక్కన నిలబడ్డ రైతు పెద్దకడుబూరు వైపు మనిషి. ఆ తీసిన పత్తికి నీకేమైనా ఇస్తారా అని అడగమంది. అడిగాను.

"శాంపిల్ కదమ్మా, అందరూ తీస్తారు. తీయొద్దంటే లాటు కొనరు" అన్నాడు.

అందరూ తీసి ఎవరూ కొనకపోతే ఏం చేస్తావని అడిగించింది.

"ఇంగో మండీకి తోలుకోని పోతాను. ఆడా తీస్తారు."

అతను అదేదో ఎండ సంగతో వాన సంగతో చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం అతని మాట ఇంగ్లీషులో చెప్పేటప్పుడు సిగ్గేసింది. ఇంతలో శెట్టి వచ్చాడు. విదేశీ అతిథికి మన వ్యాపారం మీద ఆసక్తి పుట్టిందని ఆయనకు ఎక్కడ లేని హుషారు. నేల మీది కుప్ప చూపించి, అది ఏమవుతుందని ఆమె అడిగితే, గొప్పగా వివరించాడు.

"సాయంత్రం ఊడ్సి మన జిన్నులో ఏసుకుంటాము. శాంపిల్‌కు లెక్క ఉండదు తల్లీ. మా తాతల కాలం నుంచి అంతే. సెప్పు షాహిదమ్మా, బాగా సెప్పు."

బాగానే చెప్పాను. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను.

ఆమె తన భుజం మీది ఎమ్మిగనూరు దుప్పటి కొస పట్టుకుని, లెక్క లేని పత్తితో నేసిన గుడ్డకు కూడా ఖరీదు ఉండదా అని శెట్టిని అడిగింది. ఆయన పెద్దగా నవ్వి, గుడ్డకు ఎందుకు ఉండదు, బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు. ఆమె కూడా నవ్వింది. కార్లోకి ఎక్కాక మాత్రం, తన గుట్ట రాళ్ల సంచుల మీద మేం అంటించే చీటీలో ఏం రాసి ఉంటుందో మరొక్కసారి చదివి వినిపించమని నన్నడిగింది. చదవక్కర్లేదు, ఆ ముక్క నాకు కంఠతా వచ్చు. చెప్పాను.

ఆమె తిరిగి వెళ్లాక సంఘం ఒక తీర్మానం చేసింది. గుట్ట మీది నుంచి నమూనా పేరుతో అయినా సరే, ఏ రాయి కదిలినా అందులోని లిథియం శాతాన్ని బట్టి బజారు ధర కట్టాలి. ఇప్పటిదాకా తీసుకెళ్లినదానికి కూడా కట్టాలి. కట్టనివాళ్ల దరఖాస్తు సంఘం తెరిచి చూడదు.

ఐదు శిబిరాల్లోనూ గగ్గోలు పుట్టింది. అంతర్జాతీయ ఆనవాయితీకి విరుద్ధమని యూరప్‌వాళ్లు రాశారు. అమెరికావాళ్లు ఈ విషయం మీద సదస్సు పెట్టారు. గల్ఫ్‌వాళ్లు ఎప్పటిలాగే, ఎవరికి ఇవ్వాలో చెప్పమన్నారు. ఊరి ఖాతాకు అని జవాబొస్తే నిరాశపడ్డారు. విందుల అధికారి ఢిల్లీ నుంచి నాకు ఫోన్ చేసి, ఈమెకు ఈ బుద్ధి ఏ దేశంవాళ్లు నేర్పారో కనుక్కోమన్నాడు. ఆదోనిలో నేర్చుకుందని చెప్పాను. ఆదోని ఏ ఖండంలో ఉందన్నాడు.

అందరూ ఒక్కమాట మీద ఉండి కట్టేది లేదని అంటే, ఆమె సంఘం ఏమీ చేయగలిగేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆ రోజుల్లో నిద్ర పట్టడం లేదని నాకు మెసేజ్ పెట్టింది. నేను ఏ సలహా ఇవ్వలేదు, ఇవ్వకూడదు. నేను ఎదుటి పక్షం జీతగత్తెను. కానీ ఆమె గెలవాలని కోరుకున్నాను. ఈ మాట శెట్టితోనే అన్నాను, ఆయన నా జీతం ఆపలేదు.

నెల తిరగకముందే చైనావాళ్లు చప్పుడు చేయకుండా కట్టేశారు. వాళ్లు కట్టారన్న వార్త పొద్దున తెలిస్తే, సాయంత్రానికి మిగతావాళ్లు బ్యాంకు ముందు వరుసలో ఉన్నారు. ఆనవాయితీ గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. మా కూటమి కూడా కట్టింది. కట్టాక చేతిలో మిగిలినదానితో గని కొనడం మాట అటుంచి, గని గేటు కూడా రాదు. ఊరి బడికి కప్పు ముందు పడింది, సంతకం తర్వాత పడింది. గని చైనావాళ్లకే పోయింది. గుంత పూడ్చే ఖర్చు ముందే ఊరి ఖాతాలో వేయించుకుని మరీ ఆమె సంతకం పెట్టింది.

కూటమి మూసేసే రోజు శెట్టి మండీలో కలిశాను. ఆయన కోపం చల్లారలేదు.

"నా మండీలోనే నా కుర్సీలో కూసోని, నా నోటితోనే సెప్పించుకోని పాయె గదా షాహిదమ్మా."

నేను ఊరుకోకుండా, అక్కడ కట్టినట్టే ఇక్కడ రైతులకు గుప్పెళ్ల లెక్క కట్టవచ్చు కదా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఆడ కొనేటోళ్లకు ఒకరిని చూస్తే ఒకరికి పడదు. ఈడ మేమంతా పొద్దున్నే ఒక్క తాన కూసోని టీ తాగుతాము. అడిగేటోడు యాడికి పోతాడు?"

మా శాఖలో నేర్పిందల్లా రాయిలో శాతం కొలవడమే. అమ్మేవాడి బలం ఎక్కడుంటుందో నాకు తెలిసింది ఆ రోజు, ఆ మాటతోనే. కొనేవాళ్లు ఎంతమంది వచ్చారన్నదొక్కటే చూస్తే చాలదు. వాళ్లలో వాళ్లకు పొత్తు కుదిరిందా లేదా అన్నది ముందు చూడాలి.

ఈ మధ్య లిథియం ధర పడిపోయింది. ఆ దేశంలో గనులున్న విదేశీ కంపెనీలన్నీ కలిసి, సహకారం కోసమని ఒక వేదిక పెట్టుకున్నాయట. ప్రారంభోత్సవానికి తెండాయిని పిలిచారు. వెళ్లాలా వద్దా అని నన్నడిగింది. తప్పకుండా వెళ్లమన్నాను. వెళ్లి, వాళ్లు ఎవరి టీ వాళ్లు తాగుతున్నారా, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగుతున్నారా చూసి చెప్పమన్నాను.

ఒకే బల్ల అని నిన్న జవాబొచ్చింది.