గావుతకియాకు సలాం

మా ముత్తాత తండ్రికి ఏనుగు అంబారీ మీద ఊరేగే హక్కు ఉండేది. ముత్తాత దర్బారులో కుర్చీ ఉన్న జాగీర్దారు. మా తాత కాలానికి ఏనుగు పోయింది, కుర్చీ మిగిలింది. ఆబిడ్స్ వెనక గల్లీలో ఉన్న మా పెద్ద భవంతి, దేవిడీ ముందు బగ్గీలు బారులు తీరేవి. గొప్ప కోసం చెప్పడం లేదు. మా తమ్ముడి మెడకు ఏమైందో చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వచ్చినవాళ్లను కూర్చోబెట్టే దివాన్‌ఖానాలో తాత ఆనుకుని కూర్చునే గావుతకియా ఉండేది. ఎర్ర మఖ్మల్ గలీబు తొడిగిన పెద్ద గుండ్రటి బాలీసు అది. పిల్లలం పొద్దున్నే ఆయన ముందుకు వెళ్లి, నడుము వంచి, చూపు నేలకు దించి సలాం చేయాలి. ఆయన లెమ్మనేదాకా తల ఎత్తకూడదు. తాత పోయాక కూడా నాన్న ఈ ఆచారం మాన్పించలేదు. ఖాళీ గావుతకియాకే సలాం చేసేవాళ్లం. తాత వీపు ఆనిన చోట గుంట అలాగే ఉండేది.

జాగీర్లు రద్దయిన మరుసటి ఏడు మా బడికి అమెరికా నుంచి ఒక కసరత్తు మాస్టరు వచ్చాడు. వాళ్ల దేశపు ఫుట్‌బాల్ నేర్పుతానన్నాడు. అందులో ఒకడు బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతాడు, ఎదుటివాడు వాణ్ణి ఒడిసిపట్టి పడేయాలి. మనుషుల మీదికి వదలక ముందు, మాస్టరు నాంపల్లి మైదానంలో పొట్టు కూరిన గోనెసంచులను చెట్టుకొమ్మకు వేలాడగట్టాడు. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, తల ఎత్తి చూస్తూ రావాలి. తల పక్కకు పెట్టి భుజంతో తాకాలి. రెండు చేతులూ చుట్టేసి ముందుకు తోయాలి. తల దించి గుద్దితే మెడ విరుగుతుందని తన మెడ మీద కొట్టి చూపించేవాడు.

సంచులను తమ్ముడు అందరికన్నా బాగా పట్టాడు. జట్టులో చోటు ఖాయమన్నాడు మాస్టరు. వాడికి అంతకన్నా కావలసింది లేదు.

ఒక సాయంత్రం నాన్న మైదానానికి వచ్చారు.

"ఏంది గిది? మన ఇంటి పిలగాడు గోనెసంచిని అలుముకుంటడా? నలుగురు చూస్తే ఏమంటరు? రేపు మన గావుతకియా తెప్పిస్త."

తెప్పించారు. కొమ్మకు కట్టారు. తమ్ముడు పరుగెత్తాడు. దగ్గరకు రాగానే నడుము వంగింది, చూపు నేలకు దిగింది, నెత్తి వెళ్లి మఖ్మల్‌కు తగిలింది.

"ఊపర్ దేఖో!" అని, తల ఎత్తమని అరిచాడు మాస్టరు.

మళ్లీ అదే.

"ఏందిర నవాబ్‌సాబ్, పట్టుకుంటున్నవా, సలాం కొడుతున్నవా?" అన్నాడొకడు.

"కొట్టనీరా, బక్షీస్ ఇస్తదేమో!" అన్నాడింకొకడు.

ఇంటికి వస్తూ తమ్ముడు మెల్లగా అన్నాడు. "అన్నా, గాడ తాత కూసున్నట్టే అనిపిస్తది. చూద్దామనే పోత. తల దానంతటదే దిగుతది. నాకు సంచే ఇయ్యమని నాయినకు చెప్పరాదే."

చెప్పాను. "మా నాయిన తకియా వానికి సంచికంటె తక్కువైందా?" అన్నారు నాన్న.

మర్నాడు మాస్టరు వాణ్ణి సంచి వైపు పొమ్మన్నాడు. నాన్న గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. తమ్ముడు ఆయన వైపు చూసి, గావుతకియా వైపే తిరిగాడు. రాత్రంతా కొమ్మకే ఉండి వానకు తడిసిన దాని దూది రాయిలా బిగుసుకుని ఉంది. తల సరిగ్గా తాత గుంటలోకి వెళ్లింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. వాడు మోకాళ్ల మీద, తల వంచుకుని, అలాగే ఉండిపోయాడు. ఎవరూ లెమ్మనలేదు గనుక లేవడం లేదని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణం ఇప్పటికీ నాకు అయిపోలేదు.

దవాఖానలో తలకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టారు. "అన్నా, నా చేతులున్నయా?" అని అడిగేవాడు. చేతులు పట్టుకుని చూపించేవాణ్ణి. మెల్లగా స్పర్శ వచ్చింది. నడిచాడు కూడా. మెడ మాత్రం మళ్లీ కిందికి వంగలేదు. ఆట ముగిసింది.

వాడు ఇల్లు చేరిన మర్నాటి పొద్దున అలవాటుగా దివాన్‌ఖానాలో నిలబడ్డాం. ఎండబెట్టిన గావుతకియా మళ్లీ తన చోటికి వచ్చింది. గుంట ఇంకా లోతుగా కనిపించింది. నేను వంగాను. తమ్ముడు వంగలేక దానికేసి సూటిగా చూస్తూ నిలబడ్డాడు. నాన్న కాసేపు వాణ్ణి చూసి బయటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత మమ్మల్ని సలాంకు పిలవలేదు.

ఆ నెలలోనే దూదిని నాంపల్లిలో దూదేకులాయనకు, మఖ్మల్ గలీబును సుల్తాన్ బజార్‌లో పాతబట్టల దుకాణానికి అమ్మేశారు.