సత్తెమ్మక్క తన వంతు రానివ్వలేదు

గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేసరికి నాలుక మీద కొద్దిగా నెత్తురు రుచి తగిలింది. కొండాపూర్‌లో ఒక అద్దాల మేడలో ఉన్న పళ్ళ దవాఖాన అది. ఆరునెలలకొకసారి గార తీయించుకోవడానికి అక్కడికి వెళ్తాను. మొన్న కొత్తగా చేరిన డాక్టరమ్మ నా పళ్ళ మీది గోధుమరంగు మచ్చలు చూసి, "అమ్మమ్మగారూ, వీటిని తెల్లగా చేయించుకోండి. గంట పనండి, ఫొటోల్లో ఎంత బాగుంటారో" అంది. కోస్తా పిల్ల, మర్యాదగానే అడిగింది. అయినా ఆ మాట నేను మర్చిపోను. "గార తియ్యమన్న బిడ్డా, రంగు ఎయ్యమనలే" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. ఈ వయసులో ఇన్ని సొంత పళ్ళు ఉన్నాయంటే చిన్నప్పుడే ఎవరో మంచి అలవాటు చేసి ఉంటారని, వాళ్ళెవరో చెప్పమని అడిగింది. నోట్లో మళ్ళీ ఉప్పునీళ్ళు పోసుకున్నాను. చెప్పడం మొదలుపెడితే పొగడ్తతో ఆగదు. నా పళ్ళు కాపాడిన మనిషి పన్నువాపుతోనే పోయింది. ఇంటిల్లిపాది నోళ్ళూ శుభ్రం చేసి, తన నోరు మాత్రం ఎవరికీ చూపించలేదు. ఇన్నేళ్ళయినా ఆ విషయంలో ఆమె మీద నా కోపం తగ్గలేదు.

ఆమె నా యారాలు, అంటే మా బావగారి భార్య. పేరు సత్తెమ్మ. నేను అక్కా అని పిలిచేదాన్ని. నిజాం రాజ్యం ఆఖరు రోజుల్లో నేను హఫీజ్‌పేట్ దగ్గరి ఆ ఇంటికి కాపురానికి వచ్చాను. ఇప్పుడు మేడలు లేచిన చోట అప్పుడు బండరాళ్ళు, వాటి మధ్య జొన్నచేలు. మా పుట్టింటి ఊళ్ళో బావి నీళ్ళు తాగిన పిల్లలందరికీ పళ్ళ మీద పసుపు, గోధుమ చారలు పడతాయి. అక్కడ అందరివీ అలాగే ఉండేవి కాబట్టి అదొక లోపమని నాకు తెలియదు. అత్తగారింట్లో మొదటి రోజు అన్నం వడ్డిస్తూ మా అత్త, "ఏందే, మీ ఊర్ల నీళ్లు తాగుతరా, పసుపు తాగుతరా?" అంది. బంతిలో కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను. నవ్వకుండా తలవంచుకుని తిన్నది సత్తెమ్మక్క ఒక్కతే.

ఆ ఇంటి కోడళ్ళు పళ్ళ సందులకు మిస్సి అనే నల్లపొడి రాసుకునేవారు. నల్లని సన్నగీతలు ముత్తైదువకు అందమని అనుకునేవారు. నేను వచ్చిన కొన్నాళ్ళకే అత్త ఆ పొడి డబ్బీ నా ముందు పెట్టి, "ఇది మంచిగ రాసుకో. నల్లగయితే నీ పసుపు ఎవ్వలకు కనవడది" అంది. రాసుకోనన్నాను. "మరి నార్సింగిల మనోళ్ల పెండ్లికి వస్తవా? వస్తే నోరు మూసుకొని కూసోవాలె" అంది. డబ్బీ ముట్టుకోలేదు గాని, ఆ మాట నన్ను కోసేసింది. నల్లగా చేసుకునేది లేదు, తెల్లగానే చేసుకుని ఆ పెళ్ళిలో ఈమె ఎదుటే నవ్వాలని పంతం పట్టాను. హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర ఒకతను పళ్ళను ముత్యాల్లా చేసే పొడి అమ్ముతాడని విని, నా భర్తతో తెప్పించుకున్నాను. అందులో ఇటుక వాసన, ఏదో పులుపు. తెల్లవారగానే పశువుల కొట్టం వెనక కూర్చుని చిగుళ్ళు చిట్లేలా తోమేదాన్ని. ఉమ్మితే ఎర్రగా పడేది.

పేడ ఎత్తడానికి వచ్చిన సత్తెమ్మక్క చూసింది.

"ఏం తోముతున్నవే, గిన్నెనా?"

"తెల్లగ చేసుకుంటున్న."

ఆమె గంప దించి, చేయి కడుక్కుని, చిటికెడు పొడి తీసి తన ఇత్తడి ఉంగరం మీద రుద్దింది. ఉంగరం నిండా గీతలు పడ్డాయి. "సూడు, ఇత్తడినే గిట్ల గీకింది. నీ పన్నును ఇడుస్తదా? ఆ మచ్చ మీదిది కాదు చెల్లె, లోపటిది. నీ ఊరి నీళ్లది. మచ్చ పోవాల్నంటే పన్నే పోవాలె" అంది.

"మంది నవ్వుతున్నరు గద అక్కా."

"నవ్వనీ. వాళ్లు నవ్వినప్పుడు వాళ్ల నోట్లెకు సూడు. ఎన్ని పుచ్చినయో దెలుస్తది."

నాకు నవ్వొచ్చింది, నెత్తురు నోటితోనే నవ్వాను. ఆమె లోపలికి వెళ్ళి ఉప్పునీళ్ళు కాచి తెచ్చి, నా గడ్డం పట్టుకుని పుక్కిలింపించింది. మంట తగ్గేదాకా వీపు నిమురుతూ కూర్చుంది. నార్సింగి పెళ్ళిలో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని, నేను నోరు బిగించినప్పుడల్లా నడుము మీద గిల్లేది. నవ్వాను. తిరిగి వస్తున్నప్పుడు బండిలో అత్త మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. అది కూడా నాకు గుర్తుంది.

అమావాస్య నాడు మా ఇంట్లో నాగలి కట్టరు. ఎడ్లకు, మగవాళ్ళకు తీరిక. సత్తెమ్మక్క ఆ తీరిక కోసమే కాచుకుని ఉండేది. వాకిట్లో రుబ్బురోలు పక్కన పీట వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచేది. తుమ్మపుల్ల కొసను నలిపి కుచ్చులా చేసి, ఉప్పులో, నువ్వులనూనెలో అద్ది తోమేది. తర్వాత వేలికి మెత్తటి గుడ్డ చుట్టి చిగుళ్ళు తుడిచేది. గార గట్టిపడిన చోట సన్నగా చెక్కిన వెదురు ముక్కతో ఓపికగా లేపేది. నేను పక్కన కూర్చుని నీళ్ళు పోసేదాన్ని. అలా చూస్తూనే నేర్చుకున్నాను.

మా బావ ప్రతిసారీ గొణిగేవాడు. "ఎడ్ల పండ్లు సూసినట్టు సూస్తవ్. అంగట్ల అమ్ముతవా ఏంది?"

"నిన్నెవడు కొంటడు? జర నోరు పెద్దగ తెరువు."

అత్త చివరికి వచ్చేది, సణుగుతూ. "రాలేటియి రాలుతయ్. నొప్పి లేదు, ఏం లేదు, ఇంత పరేషాన్ ఎందుకే?"

"నొప్పి వచ్చినంక నాతోని కాదత్తా. రాకముందే జేస్కోవాలె" అనేది అక్క. ఆ ఒక్క విషయంలో మాత్రం అత్తకు ఎదురు చెప్పేది. అత్త నోరు తెరిచేది.

అందరిదీ అయ్యాక, "నీది తే అక్కా" అని నేను చేయి చాపేదాన్ని. "నాది పొద్దుగాల్నే అయింది" అనేది, గుడ్డలు ఉతుక్కుంటూ. ప్రతి అమావాస్యకూ ఇదే మాట. నేను అడగలేదని తర్వాత మాటన్నవాళ్ళు ఉన్నారు. అడిగాను. అది ఒప్పించుకోవడానికి ఎవరితోనైనా ఇప్పటికీ పోట్లాడతాను. ఆమె మిస్సి గీతలు ఎంత తీరుగా ఉన్నాయో అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు. ఆ నలుపు కింద ఏముందో ఎవరికీ కనబడేది కాదు. పెద్దల ముందు కోడళ్ళు నోరు బార్లా తెరవకూడదు కాబట్టి చూసే వీలూ లేదు.

నిజాం రాజ్యం కూలేముందు ఊళ్ళలో కొట్లాటలు, గడబిడ ముదిరిన వానాకాలంలో ఆమె ఒక పక్కనే నమలడం చూశాను. దవడ వాచింది. అడిగితే గవదలు అంది. సున్నం, పసుపు కలిపి పట్టు వేసుకుంది. రొట్టెలు చేస్తూనే ఉంది. జ్వరం వచ్చి, వాపు మెడకు దిగి, నోరు తెరవరాకుండా అయ్యాకే పడుకుంది. బావ బండి కట్టి పట్నం దవాఖానకు బయలుదేరాడు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బోరబండ దాటకముందే ఎదురొచ్చినవాళ్ళు, ముందుకు పోతే బండి దక్కదు, మనుషులూ దక్కరు అన్నారు. బావ చాలాసేపు పగ్గాలు పట్టుకుని నిలబడి, ఎడ్లను వెనక్కి మళ్ళించాడు. ఆయన్ని నేనేమీ అనను. ఆయన ఏడవడం అందరికంటే దగ్గరగా చూసింది నేనే.

ఇంటికి వచ్చాక ఆమె పెదవులు కొంచెం విడదీసి, ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచాను. గుడ్డ నల్లబడింది. మార్చి మార్చి తుడిచాను. మిస్సి పోయేసరికి కింది పళ్ళ మొదళ్ళలో గార రాయిలా కనబడింది. దాని కింద చిగురంతా చీము. పళ్ళు తోమి తోమి ఇంటిని బతికించిన మనిషి నోరు అది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

బిగిసిన పళ్ళ మధ్య నుంచే మాట వచ్చింది. "అందరిది అయినంక... సూసుకుందమనుకున్న." నేను మళ్ళీ గుడ్డ పెట్టబోతే, "జర మెల్లగ, చెల్లె" అంది. అవే చివరి మాటలు. తెల్లవారేసరికి పోయింది.

ముత్తైదువ చావు కాబట్టి స్నానం చేయించి, పసుపు రాసి, పువ్వులు పెట్టారు. అత్త మిస్సి డబ్బీ తెచ్చింది. వద్దన్నాను. "ముత్తైదువను తెల్లపండ్లతోని సాగనంపుతవా?" అంది. నేను అక్క నోటి మీద చేయి అడ్డం పెట్టి కూర్చున్నాను. ఎంత చెప్పినా చేయి తీయలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నన్ను పక్కకు లాగారు. ఆ నలుపు మళ్ళీ రాసే పంపారు. నాకు జరిగిన అవమానాలన్నీ ఒక ఎత్తు. ఆమెకు జరిగిన ఇది ఒక్కటీ ఒక ఎత్తు.

తర్వాతి అమావాస్య నాడు వాకిట్లోకి ఎవరూ రాలేదు. పీట నేనే వేశాను. తుమ్మపుల్ల నలిపాను, ఉప్పు, నూనె తెచ్చాను. బావ వచ్చి కూర్చుని నోరు తెరిచాడు. "నీది తర్వాత బావా" అన్నాను. గడపలో నిలబడ్డ అత్త దగ్గరికి వెళ్ళి పుల్ల ఆమె చేతిలో పెట్టాను. పీట మీద కూర్చుని, ఆమె అంతగా వెక్కిరించిన ఆ పసుపు పళ్ళు కనబడేలా నోరు పూర్తిగా తెరిచాను. "ముందు నాది చెయ్యి" అన్నాను.

అత్త వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. ఆమెకు అలవాటు లేని పని. పుల్ల రెండుసార్లు జారి చిగురుకు తగిలింది. ఒక్కో పన్నూ వేలితో నొక్కి చూసి, "గట్టిగనే ఉన్నయే" అంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను. క్షమించలేదు. కానీ ఆ రోజు నుంచి నాది కానిదే ఇంకొకరి నోట్లో నేను వేలు పెట్టలేదు.

ఇప్పుడు ఆ పని డాక్టర్లు చేస్తారు. ఇంట్లో అందరికీ వెళ్ళే రోజు నేనే గుర్తుచేస్తాను, నస పెడుతుందని నా వెనక అనుకోవడమూ నాకు తెలుసు. మా కోడలు అందరికీ వండి, అందరినీ బయల్దేరదీసి, "పిల్లలది అయిపోనీ అత్తమ్మా, నాది తర్వాత చూద్దాం" అంటుంది. మెత్తగా, నవ్వుతూనే అంటుంది. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. పొయ్యి ఆర్పేసి, చెప్పులు వేసుకుని వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆమె దవాఖానకు రావడానికి చీర మార్చుకుని వచ్చేదాకా ఇంట్లోంచి ఎవరినీ కదలనివ్వను.