గూటి మీద వెలుతురు

మా బావకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అయితే ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఆ మాట చెప్పడు. తాను ప్రకృతి ఆరాధకుణ్ణని చెబుతాడు.

చదువుకునే రోజుల్లో మేనమామ వాడకుండా మూల పడేసిన కెమెరా ఒకటి ఆయన చేతికి దొరికింది. అప్పటినుంచి తలకు రంగు వేసుకునే వయసు వచ్చేదాకా, సెలవు రోజున ఆయన ఇంటిపట్టున ఉండగా నేను చూడలేదు. చెరువు గట్లు, తోటలు, ఊరి బయట పొదలు అన్నీ తిరిగాడు. ఆయన వెనకే మా అక్కా తిరిగింది, ఒక భుజాన కెమెరా స్టాండు, ఇంకో భుజాన నీళ్ళ సీసాలు మోసుకుంటూ. పెళ్ళయిన కొత్తలో దాన్ని షికారు అనుకుని మురిసిపోయింది పాపం.

బావ పిట్టను చూసేవాడు కాదు, ఫొటోలో అదెలా పడిందో చూసుకునేవాడు. ఎగిరిపోతే దరిద్రపు పిట్ట అని తిట్టేవాడు. కూర్చున్న చోటునుంచి కదలకపోతే రాయి విసిరేవాడు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మాత్రం ఓర్పు గురించీ మౌనం గురించీ మాకు పాఠాలు.

ఆ ఇంట్లో చూడటం తెలిసిన మనిషి మా అక్క ఒక్కతే. ఒకసారి వంటింటి కిటికీ బయట, గోడకు పాకిన తీగలో తేనెపిట్ట గూడు కట్టింది. పీచూ సాలీడు దారాలూ కలిపి అల్లిన చిన్న సంచిలా వేలాడే గూడు, చుట్టూ గుబురుగా ఆకులు. అక్క గిన్నెలు కడుగుతూ రోజూ దాన్నే చూసేది. గుడ్లు పిల్లలైన రోజున సంతోషం పట్టలేక నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆ మాటలు పక్క గదిలో ఉన్న బావ చెవిన పడ్డాయి.

మర్నాడు అక్క కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి బావ స్టూలెక్కి కత్తెరతో తీగ కత్తిరిస్తున్నాడు. ఆకుల నీడ గూటి మీద చారలు చారలుగా పడుతోందట. అక్క వద్దని బతిమాలింది.

"వెలుతురు గురించి నీకేం తెలుసు, లోపలికి పో" అన్నాడాయన.

తల్లిపిట్ట దూరంగా కూర్చుని చాలాసేపు అరిచింది. చివరికి పిల్లల ఆకలి చూడలేక పురుగుతో వచ్చి వాలింది. గూటి వాకిట్లో రెండు నోళ్ళు తెరుచుకున్నాయి. బావకు కావలసింది దొరికింది. కెమెరా సర్దుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు.

చాటు పోయిన గూటిని తెల్లారేసరికి కాకి కనిపెట్టింది. అక్క చీపురు పట్టుకుని పరిగెత్తేలోపే అంతా అయిపోయింది. బావకు చెబితే, టీలో బిస్కట్టు ముంచుకుంటూ, ప్రకృతిలో ఇవన్నీ మామూలేనన్నాడు.

ఆ ఫొటోకు 'అమ్మ' అని పేరు పెట్టి ఫొటోగ్రాఫర్ల సంఘం పోటీకి పంపాడు. మొదటి బహుమతి వచ్చింది. సభకు నేనూ వెళ్ళాను. సంఘం అధ్యక్షుడు, ప్రకృతిలో లీనమైన వాడికే ఇలాంటి దృశ్యం చిక్కుతుందని ఊదరగొట్టాడు. బావ తల వంచుకుని వినయం ఒలకబోశాడు. ఇంతటి కళాకారుడికి అండగా నిలిచిన ఇల్లాలు రెండు మాటలు చెప్పాలని అక్కను పిలిచారు. థాంక్స్ చెప్పి వచ్చెయ్యమని బావ గొణిగాడు.

అక్క మైకు ముందు నిలబడి ఆ ఫొటో వైపు చెయ్యి చూపించింది.

"ఈ గూటి చుట్టూ ఆకులుండేవండీ. ఫొటో కోసం ఈయన కత్తిరించేశారు. మర్నాడే కాకి ఈ రెండు పిల్లల్నీ ఎత్తుకుపోయింది. ఆ తల్లి నోట్లో పురుగు పెట్టుకుని ఖాళీ గూటి చుట్టూ తిరిగింది. అది మాత్రం ఈయన ఫొటో తియ్యలేదు."

ఇప్పుడైనా వీళ్ళకు సిగ్గేస్తుందనుకున్నాను, వెర్రివాణ్ణి. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, ఆడవాళ్ళ మనసు సున్నితమని మెచ్చుకుని, చప్పట్లు కొట్టించి, అందరినీ టీకి రమ్మన్నాడు. టీ దగ్గర ఒకాయన బావను పట్టుకుని ఏ లెన్సు వాడారని అడుగుతున్నాడు.

కారులో బావ మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. నలుగురిలో తన పరువు తీసిందని నాతో చెప్పుకున్నాడు.

"అక్క అబద్ధమేమన్నా చెప్పిందా బావా?"

"నిజమే అనుకో. మైకులో చెప్పాలా?"

సంఘంలో కొందరికి ఆలస్యంగా బుద్ధొచ్చి, గూళ్ళ ఫొటోలు ఇక పోటీకి తీసుకోకూడదని నిబంధన పెట్టారు. అదంతా తన మీద కుట్రేనని బావ రాజీనామా చేసి, వేరే సంఘం పెట్టి, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. సభ్యులంతా కళ్ళజోళ్ళ కోసం వచ్చి మొహమాటానికి దొరికిపోయినవాళ్ళే.

అక్క మళ్ళీ స్టాండు ముట్టుకోలేదు. మరుసటి ఏడు మేడమెట్ల పక్కనున్న పూలకుండీలో పిగిలిపిట్ట గుడ్లు పెట్టింది. నేను వెళ్ళినప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. రోజూ ఆ మెట్లే ఎక్కి దిగే బావ, ముందు గదిలో లెన్సు తుడుచుకుంటూ, లోకం పాడైపోయిందనీ పిట్టన్నది కంటికి ఆనడం లేదనీ వాపోతున్నాడు.

"నీకేమన్నా కనపడ్డాయా?" అని అక్కను కేకేసి అడిగాడు.

"లేవండీ" అంది అక్క.

ఆయన నమ్మేశాడు.