తాగనివాడి లివర్

మా దీవిలో ఓడలాగే ఫీనిక్స్ బే జెట్టీలో నాది టికెట్ కౌంటర్ ఉద్యోగం. ఒక రోజు పొద్దున్నే సమోసా వాసనకి కడుపులో తిప్పింది. అంతవరకూ సమోసాని కాదన్న రోజు లేదు. కుడి డొక్క కింద ఏదో బరువు. బయట క్యూలో "భయ్యా, జల్దీ కరో" అని అరుపులు. గ్యాస్ అనుకున్నాను. మా ఊళ్ళో గుండెపోటుని కూడా ముందు గ్యాసే అంటారు.

బరువు పోలేదు సరికదా, రోజంతా నీరసం. చివరికి ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ తీశారు. డాక్టరమ్మ హిందీలో అడిగింది, "గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్.జి.పి.టి. కూడా ఎక్కువే. డ్రింక్ చేస్తారా?" ఏనాడూ లేదన్నాను. "అయితే నాన్ ఆల్కహాలిక్. తీపి మానాలి, అన్నం తగ్గించాలి, నడవాలి, బరువు తగ్గాలి. అశ్రద్ధ చేస్తే లివర్ గట్టిపడి ఫైబ్రోసిస్, ఆపైన సిరోసిస్," అంది.

ఇంటికెళ్ళి, లివర్‌కి కొవ్వు పట్టిందట అని అమ్మకి చెప్పాను. అక్కడే నా కొంప మునిగింది.

మావాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నాన్న తాగి తాగి, కడుపు ఉబ్బి చనిపోయాడు. మా వాళ్ళలో లివర్ అన్న మాట తాగుబోతుల ఇళ్ళలోనే వినిపించేది. నాన్న పోయినప్పుడు, చుక్క ముట్టనని అమ్మ నాచేత గంగమ్మ మీద ఒట్టు వేయించింది. ముట్టలేదు. సాయంత్రమైతే తోటివాళ్ళ వెంట సీసాల దగ్గరికి పోతానని భయపడి, ఇంట్లో కూర్చోబెట్టి బూరెలు, బెల్లం అరిసెలు పెట్టేది. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ భయం పోలేదు, వంటగదీ అమ్మదే.

"నీ బాబు కూడా మొదట్లో ఇలాగే అబద్దాలాడినాడు," అంది.

"తాగుడు వల్ల కాదే అమ్మా. తిండి వల్ల."

"కూడు తింటే లివర్ పోద్దేటి? నాకు సెప్పకు. గంగమ్మ సూస్తంది."

ఆ రోజు నుంచి డ్యూటీ దిగి రాగానే నా నోరు వాసన చూసేది. నలభై దాటినవాణ్ణి, పిల్లల ముందు. చెప్పుకోవడానికే రోత. నా లివర్ సంగతి మేముండే బతు బస్తీ అంతా పాకిపోయింది. "తాగి పోగొట్టుకున్నా సరదా తీరేది కదరా!" అని ఒకడు పళ్ళికిలించాడు. వాడి మొహం ఇప్పటికీ చూడబుద్ధి కాదు.

నేను మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. సాయంత్రం సగం దారిలో బస్సు దిగి ఇంటికి నడిచేవాణ్ణి. పొద్దున రాగి అంబలి, రాత్రి కూరముక్కలు, వేపుడు బదులు చేపల పులుసు. ప్యాంట్లు వదులయ్యాయి. బాగుపడుతున్నానని సంబరపడ్డాను.

అప్పుడే వాంతులు పట్టుకున్నాయి. పొద్దున అంబలి తాగడం, దారిలో కక్కుకోవడం. ఒకసారి కౌంటర్‌లోనే, టికెట్ల మీదే కక్కాను. ఆ పుల్లటి కంపుకి జనం ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. "సుబహ్ సుబహ్ పీకే ఆయా హై," అంది ఒక దీదీ. పొద్దున్నే తాగొచ్చానట! నా ఒళ్ళంటే నాకే అసహ్యమేసింది.

మళ్ళీ పరీక్ష చేస్తే ఎస్.జి.పి.టి. మొదటికంటే బాగా పెరిగింది. "బయటి మందులేమైనా వాడుతున్నారా?" అంది డాక్టరమ్మ. లేదంటే నమ్మలేదు. "ఇంట్లో వండేవాళ్ళని తీసుకురండి," అంది.

అమ్మని తీసుకెళ్ళాను. డాక్టరమ్మ రెండోసారి అడిగేసరికి అమ్మ కొంగుముడి విప్పి ఒక పొట్లం బల్ల మీద పెట్టింది. తాగుడు మాన్పించే పొడి. వైజాగ్ షిప్పులో వచ్చినవాళ్ళెవరో ఇచ్చారట. రోజూ నా అంబలిలో కలుపుతోంది.

"తెలిస్తే నువ్వు అంబలి తాగవని సెప్పనేదురా. నువ్వు బతకాలనే కదా," అంది నాతో.

"అమ్మాజీ, మీ అబ్బాయికి తాగుడు లేదు," అంది డాక్టరమ్మ. కుర్చీలో కూర్చునేవాడికి అంత అన్నం, అంత తీపి పెడితే అదే లివర్‌లో కొవ్వవుతుందని హిందీలో ఓపిగ్గా చెప్పింది.

అమ్మ పొట్లాన్ని బల్ల అంచుదాకా నెట్టేసింది. "అయితే నాను ఎట్టిన కూడు వల్లేనా?" అంది.

జాలి కలగాలి. కలగలేదు. ఆ పొడి మీద, అది అంటగట్టినవాళ్ళ మీద, చివరికి అమ్మ చేతివంట మీద కూడా రోత పుట్టింది. చాలా రోజులు నా అంబలి నేనే కాచుకున్నాను.

పొడి ఆగాక వాంతులు ఆగాయి. ఎస్.జి.పి.టి. మెల్లగా దిగింది. ఈమధ్య స్కాన్‌లో గ్రేడ్ వన్ అన్నారు. డొక్క కింద బరువు లేదు, మా వీధి ఎత్తు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను. వంటగది మళ్ళీ అమ్మకే వదిలాను. అంబలి గిన్నెలోంచి రోజూ ముందు తను ఒక గుక్క తాగి, తర్వాత నాకిస్తుంది. వద్దని నేనూ అనలేదు.

చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. రిపోర్టు వినడానికి ఒక్కరే వెళ్ళకండి. మీకు వండిపెట్టే మనిషిని మొదటి రోజే డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ఇంటికెళ్ళి మీరు చెబితే నమ్ముతారనుకోకండి. కన్నతల్లి కదా అని నేనూ అలాగే అనుకున్నాను.