ఇసక పోసిన బొమ్మ

అనంతగిరి కాఫీ తోటల్లో పళ్ళు కోసే సోములమ్మకి పాతికేళ్ళొచ్చినా గడ్డం మీద పచ్చబొట్టు లేదు. ఆ ఊళ్ళల్లో ఆడపిల్లలంతా చిన్న గుంటలుగా ఉన్నప్పుడే పొడిపించేసుకుంటారు. చచ్చాక నగా రాదు, కోకా రాదు, పచ్చబొట్టొక్కటే వెంటొస్తుందనీ, అక్కడ తల్లి బిడ్డని దాన్ని చూసే పోల్చుకుంటుందనీ వాళ్ళ నమ్మకం. సోములమ్మకేమో వాళ్ళమ్మ గడ్డం మీదున్న బొట్లే కావాలి, అచ్చం అవే. తంటా అంతా అక్కడే వచ్చింది. అవెలా ఉండేవో చెప్పే నాథుడు లేడు.

వాళ్ళమ్మ బుద్రి ఎంత సరదా మనిషో చెప్పలేం! తొంభై మూడులో సినిమావాళ్ళు అరకు లోయకొచ్చి థింసా పాట తీస్తే, వరసలో నడిమిన నిలబడి ఆడింది. కెమెరా మొహం మీదికొచ్చినా బెదిరిందా? పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. పాపం, ఆ వానాకాలమే మలేరియా మింగేసింది. మనిషిది ఒక్క ఫొటో కూడా లేదు. మరుసటేడు ఆ సినిమా అరకులో రేకుల హాలుకొస్తే, తండ్రి సోంబరు పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. తెరంతా అమ్మ మొహమే, గడ్డం మీద మూడు చుక్కలతో సహా. హాల్లో అందరూ ఈలలేస్తుంటే ఈ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ హాలు మూతబడింది. ఇక మిగిలింది ఐజాక్ సీడీ షాపు. ఐజాక్ మిషన్ చర్చి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. శుక్రవారం సంతకొచ్చినప్పుడల్లా సోములమ్మ ఆ పాట వేయించుకునేది. వీసీడీలో చూడాలి ఆ భాగ్యం! అమ్మ మొహం గళ్ళ దుప్పటి ముక్కలా ఉండేది, కన్నెక్కడో ముక్కెక్కడో. చూసి చూసి, ఆ చుక్కలు కుడివైపా ఎడమవైపా అన్నది సోములమ్మ మనసులో కూడా చెరిగిపోసాగింది. తండ్రినడిగితే, "ఉండేవే గుంటా, ఎక్కడో ఉండేవి" అని కళ్ళు తుడుచుకునేవాడు. పచ్చబొట్లు పొడిచే తవిటమ్మ మామ్మనడిగితే కసిరేది.

"కొండంతా నా సూదేనే! ఎవుల గడ్డం మీద ఏటెట్టేనో నాకేటి గేపకం?"

రెండువేల తొమ్మిదిలో ఐజాక్ షాపుకి గోడంత టీవీ, హెచ్‌డీ ప్లేయరూ వచ్చాయి. ఆ సినిమా హెచ్‌డీ డిస్కు తెప్పించి కబురంపాడు. "బేగి రా సోములమ్మా! మీయమ్మని అద్దంలో చూసినట్టు చూద్దువు గాని."

సోములమ్మ ఆగుతుందా? సూదీ మసీ తెచ్చుకోమని చెప్పి తవిటమ్మని రెక్క పుచ్చుకుని మరీ లాక్కొచ్చింది.

పాట మొదలైంది. కొండలూ కోకలూ కడిగి ఆరేసినట్టున్నాయి. అమ్మ మొహం వచ్చింది. నున్నగా, మైనం బొమ్మలా ఉంది. గడ్డం మీద ఒక్క చుక్క లేదు.

"ఈవిడ మాయమ్మ కాదు," అంది సోములమ్మ.

"అదేటి! అదే పాట, అదే వరస, నడిమినున్న మనిషి మీయమ్మ కాదా?" అన్నాడు ఐజాక్.

తవిటమ్మ టీవీ దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించి చూసింది. "నాను ఈ గడ్డానికి సూది ముట్టించనేదు. నువ్వు కలగానీ కన్నావేటే?"

ఆ మాట విని సోములమ్మ బయటికొచ్చేసింది. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఆ ఒక్క జ్ఞాపకం, అది కూడా అబద్ధమేనా? షాపు మెట్టు మీద కూలబడి, సంతలో నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది.

ఐజాక్‌కి అన్నం సయించలేదు. విశాఖలో డిస్కులమ్మే స్నేహితుడికి ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. ఫిలిం మీద తీసిన బొమ్మంటేనే సన్నటి నలుసుల పోగట, దాన్ని గ్రెయిన్ అంటారట. బొమ్మ తళతళలాడాలని ఆ కంపెనీవాళ్ళు కంప్యూటరుతో నలుసులన్నీ తుడిపించేశారు. నలుసేదో, మనిషి ఒంటి మీది చుక్కేదో దానికేం తెలుసు? అన్నీ ఊడ్చిపారేసింది. అప్పుడు ఐజాక్ నెత్తి కొట్టుకున్నాడు. ఇదే సినిమా వేరే కంపెనీ హెచ్‌డీ డిస్కు దీనికన్నా ముందే వచ్చింది. బొమ్మ నిండా ఇసక పోసినట్టుందని విసుక్కుని, మూల పెట్టెలో పడేసింది తనే!

మరుసటి సంతనాడు సోములమ్మని బతిమాలి కూర్చోబెట్టాడు. తవిటమ్మ గొణుక్కుంటూనే వచ్చింది. బొమ్మంతా సన్నటి ఇసక, చీమలు పాకినట్టు కదులుతోంది. అమ్మ మొహం రాగానే ఐజాక్ ఆపాడు. గడ్డం మీద, కుడివైపుకి, మూడు చుక్కలు! రెండు పక్కపక్కన, మూడోది తప్పి కిందికి జారి ఉంది.

"ఓలమ్మ! నా సూదేనే ఇది," అని తవిటమ్మ తెర మీద చెయ్యేసింది. "బుద్రి! ఎలా మర్సిపోయేనే... సూదేత్తంటే అందరూ ఏడుత్తారు, ఇది కితకితలని నవ్వింది. ఆ నవ్వుకే మూడోది జారిపోయింది. ఎంత తిట్టేనో దాన్ని!"

సోములమ్మ నవ్వుతూ ఏడుస్తూ అక్కడే నేల మీద కూర్చుని గడ్డం ఎత్తింది. తవిటమ్మ రెండు చుక్కలు పొడిచి, సూది ఆపింది.

"మూడోది కుదురుగా ఎట్టీనా? అప్పుడంటే తప్పిపోయింది గానీ."

"వద్దు మామ్మా! తప్పుగానే ఎట్టు," అని సోములమ్మ ముసలిదాని చెయ్యి పట్టుకుంది. "కుదురుగా ఎడితే మాయమ్మ నన్ను పోల్చుకోనేదు."